కుప్పయ్యన్న నేర్పిన పరీక్ష

ఏప్రిల్ 7, సోమవారం

మళ్లీ పోయింది. రెండు నెలల్లో ఇది రెండోసారి.

చంద్రగిరి దాటగానే మీటరు పక్కన ఛార్జింగు ఎర్ర లైటు వెలిగింది. హారన్ కొడితే జలుబు చేసిన మేకలాగా అరిచింది. ఇంకో రెండు కిలోమీటర్లకు ఇంజనే ఆగింది. వెనక సీట్లో కూర్చున్న వసంత కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమి డ్రైవరూ, ఊరొచ్చిందా? దిగమంటావా?" అంది. పెళ్లయి నలభై ఏండ్లు దాటినా ఆమె నా పక్క సీట్లో కూర్చోదు. పందొమ్మిదేండ్లు ఆఫీసర్లను వెనక కూర్చోబెట్టి తిప్పిన బండిలో నన్ను మాత్రం ముందు కూర్చోబెడతావా అని ఆమె వాదన.

ఈ అంబాసిడర్ డెబ్బై ఎనిమిదో మోడలు. సర్కారు డ్రైవరుగా పందొమ్మిదేండ్లు తోలాను, వేలంలో కొనుక్కుని ఇరవై ఆరేండ్లు సొంతంగా తోలాను. ఒక్కరోజు నన్ను దారిలో నిలబెట్టలేదు. పాత డైనమోకు సామాన్లు దొరకడం లేదని, ఇమ్మానుయేలు మాట విని ఫిబ్రవరిలో దాని బదులు ఆల్టర్నేటర్ పెట్టించాను. అదీ నేను చేసిన పాపం.

ఏప్రిల్ 8

రేణిగుంట రోడ్డులో ఇమ్మానుయేలు కొట్టు. కొన్నప్పటి నుంచి ఈ బండి కరెంటు పని వాడు తప్ప ఇంకొకడు ముట్టలేదు. నేను పోతే చేతిలో ఉన్న పని పక్కన పెట్టి నా బానెట్ ఎత్తుతాడు. అది మా ఇద్దరికీ ఉన్న లెక్క.

ఆల్టర్నేటర్ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. లోపల డయోడ్లు మాడిపోయాయట. నా ముఖంకేసి కొంచెంసేపు చూసి అడిగాడు.

"అన్నా, ఇంజిన్ నడస్తా ఉంటే నువ్వేమన్నా తీగలు గీగలు కదిలిస్తావా?"

"నేనెందుకు కదిలిస్తానప్పా! నేనేమన్నా చిన్నపిల్లోడినా?"

"కాదన్నా, అడిగినా అంతే."

పరీక్ష చేయడం వేరు, తీగలు కదిలించడం వేరు. అది వాడికి చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఏప్రిల్ 10

బండి వచ్చింది. ఇంటికి రాగానే కుప్పయ్యన్న పరీక్ష చేశాను. పాస్.

కుప్పయ్యన్న మా ఆఫీసులో నాకంటే ముందు డ్రైవరు. నాకు బండి నేర్పిన మనిషి. ఇంజన్ నడుస్తూ ఉండగా బ్యాటరీ మీది తీగ పీకెయ్యాలి. ఇంజన్ ఆగకుండా నడిస్తే డైనమో కరెంటు చేస్తున్నట్టు. ఆగితే చేయనట్టు. ఎంత సులువు! మీటర్లూ లేవు, గీటర్లూ లేవు. నలభై ఐదేండ్లుగా రిపేరు చేయించిన ప్రతిసారీ, దూరం పోయే ప్రతి ఉదయమూ ఈ పరీక్ష చేశాకే బండి కదిలించాను. ఇమ్మానుయేలు పుస్తకం చదివి నేర్చుకున్నవాడు, వాడికి ఇవి తెలియవు.

ఏప్రిల్ 19

బండి బ్రహ్మాండం. ఇమ్మానుయేలు చేతి పనే పని. రేపు విమానాశ్రయానికి పోవాలి, పొద్దున్నే పరీక్ష చేసుకోవాలి.

ఏప్రిల్ 20, ఆదివారం

నిన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

వసంత తమ్ముడు హైదరాబాదు నుంచి విమానం దిగాడు. తీసుకురావడానికి బయలుదేరాం. పొద్దున పరీక్ష పాసైంది. విమానాశ్రయం ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఎర్ర లైటు. బావమరిది ఆటోలో మా ముందు నుంచే చెయ్యి ఊపుకుంటూ పోయాడు.

ఇమ్మానుయేలుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎనిమిదిసార్లు చేశాను. తొమ్మిదోసారి గుసగుసగా, "అన్నా, ఈస్టరన్నా, గుళ్లో ఉండా" అన్నాడు. ఈస్టర్ అయితే నా బండి నడవదా అన్నాను. అనకూడదు, అనేశాను. ముక్కాలు గంటలో వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మడతలు కూడా నలగలేదు. వాడి భార్య ఎస్తేరు మోటారు బండి వెనక కూర్చుని వచ్చింది, చేతిలో బైబిలు. వాడు బానెట్ కింద దూరి పైకి లేచేసరికి చొక్కా ముందర అరచేయంత నల్లటి మరక పడింది.

ఎస్తేరు ఆ మరకను చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఏప్రిల్ 22

రెండు రోజులు బండి కొట్లోనే. మాడిన డయోడ్లు మార్చాడు, బెల్టు మార్చాడు, ఎర్తు తీగ మార్చాడు, బ్యాటరీ పరీక్ష చేశాడు, ముందు నుంచి వెనక దాకా వైరింగంతా వేలితో తడుముతూ చూశాడు. తప్పు దొరకలేదు.

బండి ఇస్తూ, "అన్నా, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. ఇది పాత డైనమో మాదిరి కాదు. నడస్తా ఉంటే బ్యాటరీ..." అని మొదలుపెట్టాడు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. పన్నెండు మంది ఆఫీసర్ల దగ్గర పనిచేశాను, ఒక్క మెమో లేదు. నాకు బండి ఎలా తోలాలో నువ్వు చెప్పొద్దప్పా అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఇంటికి వచ్చి పరీక్ష చేశాను. పాస్.

ఏప్రిల్ 24

అలిపిరి దగ్గర నడక అయ్యాక మేము అయిదారు మందిమి కాఫీకి కూర్చుంటాం. మోహన్‌కృష్ణ కూడా వస్తాడు. బైపాస్ పక్కనున్న బడిలో బస్సుల మేనేజరు, తొమ్మిది బస్సులు వాడి చేతి కింద. వాటి కరెంటు పనంతా ఆరేండ్లుగా ఇమ్మానుయేలుదే.

నా బండి మూడుసార్లు మాడిపోయిన కథ చెప్పాను. రక్తి కట్టించాను. హారన్ మేకలాగా అరిచింది దగ్గర అందరూ నవ్వారు. నవ్వుతున్నారు గదా అని ఇంకొంచెం లాగాను. "వాడికి చూపు ఆనడం లేదప్పా, ఎర్ర తీగ ఏదో నల్ల తీగ ఏదో తెలీకుండా తగిలిస్తా ఉండాడు" అన్నాను. కాఫీ పొలమారేంతగా నవ్వారు.

మోహన్‌కృష్ణ నవ్వలేదు. వాడికి హాస్యం తెలియదు.

మే 2

నాలుగోసారి. నిన్న పుత్తూరు పోవాలని పొద్దున పరీక్ష చేశాను, పాసైంది. సాయంత్రం తిరిగి వస్తుంటే ఎర్ర లైటు. తోసుకుంటూ ఇల్లు చేర్చాం. వసంత కూడా దిగి తోసింది. ఆఫీసరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని తోయడం ఆ వీధిలో అందరూ చూశారు.

ఇమ్మానుయేలుకు ఫోన్ చేయలేదు. వాడితో నాకు పనైపోయింది.

మే 5

ఇమ్మానుయేలే ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, నాకు కండ్లు కనపడవని యాడన్నా అన్నావా?"

"ఎవరప్పా చెప్పింది?"

"మోహన్‌కృష్ణ సారు ఈ సంవత్సరం బస్సుల పని ఇయ్యనని చెప్పేసినాడు. పిల్లకాయలు ఎక్కే బస్సులప్పా, చూపు ఆనని మనిషికి ఎట్ల ఇస్తాననె. ఎవరు సార్ చెప్పిందంటే నీ పేరు చెప్పినాడు. నేను నమ్మలే. అందుకే అడిగిపోదామని వస్తి."

నేను అనలేదని చెప్పాను.

వాడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. "సరేలే సార్" అని పోయాడు. సార్ అన్నాడు, ఇరవై ఆరేండ్లలో మొదటిసారి.

అన్నానా? అంటే అన్నాను, నవ్వులాటకు. నవ్వులాటకు అన్నదాన్ని మోహన్‌కృష్ణ నిజమనుకుంటే అది నా తప్పా? అయినా నాలుగు ఆల్టర్నేటర్లు కాలిపోయాయి గదా, చూపు బాగుంటే కాలిపోతాయా?

ఈ రోజు అన్నం సయించలేదు. వంకాయ కూర బాగాలేదు.

మే 6

వంకాయ కూర బాగానే ఉందట. వసంత చెప్పింది. రాత్రి మిగిలింది తనే తినిందట.

మే 8, గురువారం

గంగజాతర వారం, ఊర్లో సగం రోడ్లు మూసేశారు. బ్యాటరీ ఛార్జి చేయించి, హారన్ కొట్టకుండా, లైటు వేయకుండా చిత్తూరు దాకా తోలుకుంటూ పోయాను. అక్కడ భానుచందర్ అని కొత్త కుర్రాడి షాపు, పెద్ద పేరు. కొత్త ఆల్టర్నేటర్ బిగించాడు.

మే 9

ఈ రోజు రాయడానికి ఏమీ లేదు. ఎండ ఎక్కువగా ఉంది.

మే 10

ఎండ.

మే 11, ఆదివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచుకుంటే ఇక నా అంత దొంగ ఉండడు. రాసేస్తాను.

ఎనిమిదో తేదీ భానుచందర్ పని ముగించి చేతులు కడుక్కోవడానికి పోయాడు. షాపులో ఏడెనిమిది మంది ఉన్నారు. నా పెద్దరికం చూపిద్దామని ఇంజన్ వేసి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ తీగ వదులు చేసి పీకాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. "చూడప్పా, పాసైంది నీ పని!" అన్నాను.

భానుచందర్ సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో పెద్దాయనా! ఏం పని చేస్తివి! పెట్టు, పెట్టు ముందు!"

నా చేతిలోంచి తీగ లాక్కుని తనే తగిలించాడు. సబ్బు నురగ బ్యాటరీ మీద పడింది. షాపులో అందరూ పని ఆపి చూస్తున్నారు.

"ఎవరు నేర్పించినారు నీకు ఇది?"

కుప్పయ్యన్న పేరు చెప్పాను. చనిపోయిన మనిషి పేరును అక్కడ తీసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కుర్రాడు కోపం తగ్గించుకుని నిదానంగా చెప్పాడు. పాత డైనమోకు ఈ పరీక్ష చెల్లిందట. ఆల్టర్నేటర్ అలా కాదట. అది చేసే కరెంటును బ్యాటరీ పట్టుకుంటూ ఉండాలి. నడుస్తుండగా తీగ పీకితే ఆ కరెంటుకు పోయే దారి లేక ఒక్కసారిగా పైకి ఎగసి, ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లనే కాలుస్తుంది. ఒక్కోసారి అప్పుడే పోతుంది. ఒక్కోసారి దెబ్బ తిని, ఒక రోజో పది రోజులో నడిచి పోతుంది. ఈసారి అదృష్టం, తప్పించుకుంది.

"ఇంతకుముందు ఎవురు సూసినారు పెద్దాయనా ఈ బండిని? వైరింగు సూస్తే ముచ్చటేస్తాది. ఒక్క జాయింటు కూడా లూజు లేదు. కండ్లకద్దుకోవాల అట్లాంటి పనిని."

కండ్లు అన్నాడు. వాడికేం తెలుసు పాపం.

ఇంటికి వచ్చి వసంతకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పాలి గదా. ఆమె నోట్లో కొంగు పెట్టుకుని నవ్వింది. "నేను వెనక కూర్చోని సూస్తానే ఉండా కదయ్యా. ఊరికి పొయ్యే పొద్దున్నే బానెట్ ఎత్తి దాన్ని పీకి మళ్లా పెడతావు. నేను అదేదో నీ పూజ అనుకుంటి."

నవ్వడం ఆపాక అడిగింది: "మరి ఇమ్మానుయేలు?"

గుడ్డ తీసుకుని బండి తుడవడానికి పోయాను.

మే 12

ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. పరీక్ష, పాస్, ఎర్ర లైటు. పరీక్ష, పాస్, ఎర్ర లైటు. ఇంకొకరి రాత అయితే చదివి నవ్వుకునేవాడిని. ఇమ్మానుయేలు అడిగాడు, చెప్పబోయాడు కూడా. నేనే చెయ్యి అడ్డం పెట్టాను. వాడి నోటి దగ్గర అన్నం తీసేశాను. చూపు పోయింది వాడికి కాదు.

మే 14

అలిపిరిలో కాఫీ దగ్గర చెప్పేశాను. తప్పు నాది, ఇమ్మానుయేలుది కాదు, నేనే తీగ పీకి పీకి కాల్చుకున్నాను అన్నాను. ముందురోజంతా మాటలు సిద్ధం చేసుకున్నాను.

ఎవరూ నమ్మలేదు!

"పెద్దమనసన్నా నీది" అన్నాడు ఒకాయన. "పాత స్నేహితుడు గదా, కాపాడుతుండాడు" అన్నాడు ఇంకొకాయన. నా ముఖం మీదే నన్ను పొగిడారు. నా జన్మలో ఎవరూ అంతలా పొగడలేదు. అబద్ధం ఆడినప్పుడు గుటకాయ స్వాహా చేసినవాళ్లు నిజం చెబితే మింగరు.

మోహన్‌కృష్ణను పక్కకు పిలిచి మళ్లీ చెప్పాను.

"అన్నా, నలభై ఐదేండ్ల అనుభవం నీది. నువ్వు బ్యాటరీ తీగ పీకి బండి కాల్చుకుంటావా? ఎవురికి సెప్తావన్నా! ఆయనంటే నాకూ గౌరవమే. అయినా పిల్లకాయల బస్సులు. సోమవారం కొత్త మనిషితో అగ్రిమెంటు రాసుకుంటా ఉండాం."

నా పేరు నాకే అడ్డం నిలబడింది. మెమో లేని సర్వీసు అని ఇన్నేండ్లు చెప్పుకున్నాను గదా, అనుభవించాలి.

మే 16

కండ్లారా చూపిస్తే గానీ మోహన్‌కృష్ణ నమ్మడు. వసంతను అడిగాను. చిత్తూరులో పెట్టించిన కొత్తది, బాగా నడుస్తోంది. పోతే పోనీలే అంటావా అని. ఆమె పప్పు రుబ్బుతూనే, "నన్ను కూడా తీసుకపో, సూడాల" అంది.

మే 17, శనివారం

పది గంటలకు బడి షెడ్డుకు పోయాం. బస్సు డ్రైవర్లు అయిదుగురు ఉన్నారు, మోహన్‌కృష్ణ ఉన్నాడు. అంబాసిడర్ లోపలికి పోగానే అందరూ దగ్గరకు వచ్చారు, పాత బండంటే డ్రైవర్లకు ముచ్చట. వసంత వెనక సీట్లోంచి దిగలేదు.

బానెట్ ఎత్తాను. "సూడండప్పా, కొత్త ఆల్టర్నేటర్, తొమ్మిది రోజులైంది పెట్టి. ఇది మా గురువు నేర్పిన పరీక్ష" అని పెద్ద లైట్లు వేసి తీగ పీకాను.

ఇంజన్ నడుస్తూనే ఉంది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

పాస్! మూడు నెలలుగా నా కొంప ముంచిన ఆ దరిద్రపు పాస్ అక్కడ కూడా వచ్చింది. ఒక డ్రైవరు చప్పట్లు కొట్టాడు. మోహన్‌కృష్ణ, "సూడు, బాగానే ఉండాది గదన్నా" అన్నాడు.

తీగ మళ్లీ పెట్టాను. వసంతను పిలిచి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. నలభై ఏండ్లలో మొదటిసారి ముందు సీట్లో కూర్చుంది, అదీ స్టీరింగు ముందు. "యాక్సిలేటర్ తొక్కు" అన్నాను. "ఎంత?" అంది. "నా మీద ఉండే కోపమంత."

బండి అరిచింది. తీగ పీకాను.

లైట్లు తెల్లగా భగ్గుమన్నాయి. ఎడమది టప్పుమని పేలింది, వెంటనే కుడిది. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మాడిన వాసన లేచింది.

"ఇట్లా నాలుగుసార్లు కాల్చినానప్పా" అన్నాను. "మూడుసార్లు ఇమ్మానుయేలు బాగు చేసి ఇచ్చినాడు. నేను పోయి ఆయనకు కండ్లు లేవని చెప్పినాను. ఇప్పుడు నమ్ముతావా?"

మోహన్‌కృష్ణ పేలిన లైటును, నన్ను, మళ్లీ లైటును చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఇమ్మానుయేలు నంబరు కలిపాడు.

అరగంటలో వచ్చాడు. బానెట్ కిందికి ఒంగి ఒక్క చూపు చూశాడు, నా చేతిలో స్పానరు చూశాడు.

"మళ్లా పీకినావా అన్నా? ఎన్నిసార్లు సెప్పబోయినా నీకు! నీకు బుద్ధి యాడుండాదన్నా, బానెట్‌లోనా, డిక్కీలోనా?"

ఇంకా చాలా తిట్టాడు, బస్సు డ్రైవర్లందరి ముందు. తిడుతూనే ఉన్నాడు, నేను తల ఊపుతూనే ఉన్నాను. ఇంత హాయిగా తిట్లు తిన్నది ఎప్పుడూ లేదు. మోహన్‌కృష్ణ వాడి భుజం మీద చెయ్యి వేసి, "కావాలనే పీకినాడప్పా, మాకు సూపించేదానికి" అని జరిగింది చెప్పాడు.

ఇమ్మానుయేలు నోరు అక్కడే ఆగిపోయింది. మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. మురికే లేని చేతులు, చాలాసేపు తుడుచుకున్నాడు.

"అనలేదంటివే ఆ పొద్దు" అన్నాడు నెమ్మదిగా.

"అన్నానప్పా. అనిందీ తప్పే, అనలేదనిందీ తప్పే."

వాడు బండికి తాడు కట్టించి కొట్టుకు లాక్కుపోయాడు. నేనూ వసంతా ఆటోలో వచ్చాం.

మే 22, గురువారం

కొట్టు దగ్గరకు పోయాను. ముందర మూడు పసుపు బస్సులు నిలబడి ఉన్నాయి, నాలుగోది రోడ్డు మీద. నా అంబాసిడర్ గోడ పక్కన, పైన దుమ్ము. బానెట్ ఇంకా ఎత్తలేదు. ఎస్తేరు లోపల స్టూలు మీద కూర్చుని కొత్త తీగల చుట్టలు విడదీస్తోంది. నన్ను చూసి ఇంకో స్టూలు జరిపింది.

ఇమ్మానుయేలు బస్సు కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"నా బండి ఎప్పుడప్పా?"

"బస్సులు అయినాకన్నా. బడి తెరిసేలోపల తొమ్మిదీ అయిపోవాల."

"తొమ్మిది బస్సులైనాకనా?"

"ఆ. వరసలో ఉండు."

ఇరవై ఆరేండ్లలో ఆ కొట్టు ముందు నా బండి వరసలో నిలబడడం ఇదే మొదలు. స్టూలు మీద గంటసేపు కూర్చున్నాను, ఎస్తేరు ఇచ్చిన టీ తాగాను. సిటీ బస్సెక్కి ఇంటికి వచ్చాను. రేపు కూడా పోతాను. ఎప్పుడిస్తావని మాత్రం అడగను.